బాలమురళి గారి చేతిలో కమాను



మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి పేరు వినగానే మనకేం గుర్తొస్తుంది? పొద్దున్నే కాఫీ కలుపుతుంటే రేడియోలో వినిపించే రామదాసు కీర్తన గుర్తొస్తుంది. నట్టువాంగం లేకుండానే కాళ్ళు కదిలించే తిల్లానా గుర్తొస్తుంది. కొంచెం పెద్దవాళ్ళకయితే 1967లో వచ్చిన "భక్త ప్రహ్లాద" సినిమాలో నారద వేషం కళ్ళకు కడుతుంది. అన్నీ గొంతుతో ముడిపడిన జ్ఞాపకాలే గదా! ఆ మహానుభావుడి చేతిలో కమాను కూడా ఉండేదనీ, ఆయన ఫిడేలే గాక దానికన్నా పెద్దదైన వయోలా కూడా వాయించేవారనీ మనలో ఎంతమందికి తెలుసు? ఇవాళ నేను మీతో చెప్పుకోబోయేది ఆ కమాను సంగతి.

ముందు ఈ వయోలా అంటే ఏమిటో చూద్దాం. మన వంటింట్లో ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే గిన్నెల వరస ఉంటుంది చూడండి, కమానుతో వాయించే పాశ్చాత్య వాద్యాలు కూడా అలాగే ఒక వరస. అందరికన్నా చిన్నది ఫిడేలు. దానికన్నా కాస్త పెద్దది వయోలా. వాళ్ళ పద్ధతి శ్రుతిలో ఫిడేలుకంటే ఒక పంచమం కిందికి దిగుతుంది. ఆ తరువాతది చెల్లో. వయోలాకు సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతుంది. కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించాలి. అన్నిటికన్నా పెద్దది డబుల్ బేస్. అది మనిషంత ఎత్తుంటుంది.

వీటిలో ఫిడేలు మన ఇంటి పిల్లే అయిపోయింది. సుమారు రెండు వందల ఏళ్ళ కిందట ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చుకుని మన సంగీతానికి మలిచారు. తెల్లవాళ్ళు నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయిస్తే, మనవాళ్ళు బాసిపట్టు వేసుకుని, ఒక కొస గుండెకూ రెండో కొస పాదానికీ ఆనించుకున్నారు. నాలుగు తీగలనూ షడ్జమం, పంచమం, మళ్ళీ షడ్జమం, పంచమం అని శ్రుతి చేసుకున్నారు. దానితో ఎడమ చెయ్యి తీగమీద జారడానికి వీలు చిక్కి, గమకాలు పలికాయి. చెల్లోకు ఆ అదృష్టం ఆలస్యమయింది. కింద కూర్చునే మన వేదికమీద కుర్చీ వాద్యానికి చోటెక్కడిది? సినిమా వాద్యబృందాల్లో అది బాగానే స్థిరపడింది గాని శాస్త్రీయ కచేరీకి రాలేదు. హాలెండులో పుట్టి ఢిల్లీలో స్థిరపడిన సాస్కియా రావు గారు దాన్ని కాస్త చిన్నది చేయించి, అయిదు తీగలు పెట్టి, కింద ప్రతిధ్వనించే తీగలు మరో పది బిగించి, నేలమీద కూర్చుని హిందూస్తానీ రాగాలు వాయిస్తున్నారు. మన తెలుగునాట కచేరీ వేదికమీద ఆ గంభీరమైన నాదానికి దగ్గరగా వచ్చింది వయోలా. దాన్ని కర్ణాటక సంగీతంలో పదిమంది దృష్టికీ తెచ్చినవారిలో బాలమురళి గారు ముఖ్యులు.

నేను సంగీత విద్వాంసురాలిని కాను. మెట్రిక్ చదివి, ఇల్లు చూసుకుంటూ, వీలున్నప్పుడు నాలుగు మాటలు రేడియోలో చెప్పుకునేదాన్ని. అయినా ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానంటే, మా ఊళ్ళో ఒకావిడ అడిగిన ప్రశ్న నన్ను వదలలేదు. మాది గద్వాల దగ్గర ధరూరు. మా వీధి చివరింటి ఆవిడ ఒకనాడు వచ్చి, "అక్కా, మా పిల్ల పాట మంచిగ పాడుతది. ఇప్పుడు ఫిడేలు గూడ నేర్చుకుంటనంటది. రెండు పడవల మీద కాళ్ళు పెడితె మునుగుతదని వాళ్ళ నాయిన అంటున్నడు. మీరేమంటరు?" అన్నది. ఏదో ఒకటి చెప్పి పంపించేసే ప్రశ్న కాదిది. పిల్ల ఇష్టం ఉంది, తండ్రి భయం ఉంది, ఇంటి ఖర్చుంది, రోజుకున్న గంటలు ఉన్నాయి. ఆ నలుగుట్లో ఏదీ అబద్ధం కాదు. అప్పుడు నేను బాలమురళి గారి జీవితాన్ని మళ్ళీ ఒకసారి మొదటినుంచీ తలుచుకున్నాను.

ఆయన 1930 జూలై 6న తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టారు. ఇప్పుడది కోనసీమ జిల్లాలో ఉంది. తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ వాయించేవారు. బిడ్డ పసికందుగా ఉండగానే ఆమె కన్నుమూశారు. తల్లి వీణ వినే భాగ్యం ఆ బిడ్డకు లేకపోయింది. తండ్రి పట్టాభిరామయ్య గారు వేణువు మొదలైన వాద్యాలు తెలిసిన సంగీత ఉపాధ్యాయులు. తల్లిలేని పిల్లవాణ్ణి ఆయనే పెంచారు. కాబట్టి ఆ ఇంట్లో పాట వేరు, వాద్యం వేరు అన్న గోడ మొదటినుంచీ లేదన్నమాట.

పిల్లవాడి తెలివి కనిపెట్టి తండ్రి పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారికి అప్పగించారు. పంతులు గారు సామాన్యులు కారు. త్యాగరాజస్వామికి శిష్యులు మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, ఆయనకు శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, ఆయనకు శిష్యులు మన పంతులు గారు. అంటే బాలమురళి గారిది త్యాగరాజస్వామి నుంచి అయిదో తరం. ఎనిమిదేళ్ళ వయసులో విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పాడితే విన్నవాళ్ళు నివ్వెరపోయారు. అంతవరకూ మురళీకృష్ణగా ఉన్న పేరుకు ముందు "బాల" అన్న మాట చేర్చినవారు హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు. ఎనభై ఆరేళ్ళు బ్రతికినా ఆ "బాల" అలాగే నిలిచిపోయింది.

పదిహేనేళ్ళు వచ్చేసరికి డెబ్బది రెండు మేళకర్త రాగాలూ వశం చేసుకుని, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క కృతి కట్టడానికి పూనుకున్నారు. కనకాంగి నుంచి రసికప్రియ దాకా అన్నమాట. వీటిలో చాలా రాగాలు విద్వాంసులు కూడా అపురూపంగా తప్ప ముట్టుకోనివి. ఆ కృతులు 1952లో "జనకరాగ మంజరి" పేరుతో పుస్తకంగా వచ్చాయి. తరువాత "రాగాంగ రావళి" పేరున తొమ్మిది సంపుటాలుగా రికార్డయ్యాయి.

ఇంతటి పాటగాడు పాటతో తృప్తిపడి ఊరుకోవచ్చు గదా! ఊరుకోలేదు. ఫిడేలు పట్టారు, వయోలా పట్టారు, మృదంగం వాయించారు, కంజీర వాయించారు. ఇంట్లో సరదాకు వాయించడం వేరు. ఆయన ఇతరుల కచేరీల్లో పక్కవాద్యంగా ఫిడేలు వాయించారు. వయోలాతో సొంతంగా కచేరీలు చేశారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. పక్కవాద్యం అంటే ఏమిటో కాస్త ఆలోచించండి. పాడేవారు మధ్యన కూర్చుంటారు. పక్కవాద్యంవారు పక్కన కూర్చుంటారు. ఇవాళ ఏ రాగం ఎత్తుకుంటారో, ఏ చరణం దగ్గర నెరవు వేస్తారో వీరికి ముందుగా తెలియాలని లేదు. పాడేవారి స్వరం నోట్లోంచి వచ్చిన మరుక్షణం ఆ స్వరాన్ని కమానుతో అందుకోవాలి. నీడలాగా వెంబడించాలి గాని నీడ మనిషిని దాటి ముందుకు పోకూడదు. ఆలాపన అయ్యాక తన వంతు వచ్చినప్పుడు పాడినదాన్ని తలచి, దాని అందం చెడకుండా తనదైన నాలుగు మాటలు చెప్పి, మళ్ళీ పక్కకు తప్పుకోవాలి. ఎంత విద్య ఉన్నా దాన్ని అదుపులో పెట్టుకునే విద్య ఇంకొకటి కావాలి. ఇది మనకు తెలియని సంగతా? ఇంటినిండా చుట్టాలున్న రోజున ఎవరికేం కావాలో వాళ్ళు అడగకముందే పసిగట్టి, తాను కనిపించకుండా పంక్తి నడిపించే ఇల్లాలికి ఈ విద్య చిన్నప్పుడే పట్టుబడుతుంది.

మధ్యన కూర్చోవలసిన మనిషి పక్కన కూర్చోవడం వల్ల ఏం నేర్చుకుంటాడు? వినడం నేర్చుకుంటాడు. ఎదుటివారు ఎక్కడ ఊపిరి తీస్తారో, ఎక్కడ తడుముకుంటారో, ఎక్కడ ధైర్యం చేస్తారో దగ్గరనుంచి చూస్తాడు. ఇంకొక సంగతి కూడా ఉంది. గొంతుకు ఊపిరి ఎంతో పాటకు నిడివి అంత. కమానుకు ఊపిరి అక్కరలేదు. ఒక కొస నుంచి ఇంకొక కొసకు లాగి, ఆగినట్టు తెలియకుండా వెనక్కి తిప్పి, నాదాన్ని ఎంతసేపయినా నిలబెట్టవచ్చు. బాలమురళి గారి గొంతు మూడు స్థాయిల్లోనూ అతుకు తెలియకుండా పైకీ కిందికీ సాగుతుంది, గమనించారా? కింది స్థాయిలో కూడా ఆ గొంతు బొంగురుపోదు. ఆ సాగుదలలో నాకు కమాను నడకే వినిపిస్తుంది. ఇది నా చెవికి తోచిన మాట. ఈసారి విన్నప్పుడు మీరూ చెవి పెట్టి చూడండి.

ఇక రేడియో సంగతి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. బాలమురళి గారు అక్కడ పనిచేసిన రోజుల్లో "భక్తిరంజని"కి రూపం వచ్చింది. తత్త్వాలు, రామదాసు కీర్తనలు, అష్టపదులు, తరంగాలు వంటివి అప్పటిదాకా భజన గోష్ఠుల్లోనో, పెద్దవాళ్ళ నోళ్ళలోనో ఉండేవి. వాటిని శాస్త్రం తెలిసిన గొంతులు పాడి ఇంటింటికీ పంపాయి. శ్రీరంగం గోపాలరత్నం గారి గొంతు మనకు అంత దగ్గరయింది కూడా ఆ రేడియో గదుల నుంచే. కచేరీకి టిక్కెట్టు కొనుక్కుని, ముందు వరసలో కూర్చుని వినే తీరికా వసతీ మనలో ఎందరికి ఉండేవి? ఆ సంగీతం మన దగ్గరకే, పొయ్యి దగ్గరకే వచ్చింది. పెద్ద విద్వాంసుడు చిన్న పాట పాడితే విద్వత్తు తరిగిపోతుందని కొందరు అనుకునే రోజుల్లో ఆయన ఆ పని చేశారు.

అదే కేంద్రంలో, అదే గురువు గారి శిష్యులు ఇంకొకరుండేవారు. వారు అన్నవరపు రామస్వామి గారు. 1926లో ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టారు. ఫిడేలూ వయోలా రెండూ వాయించేవారు. 1948 నుంచి 1986 దాకా విజయవాడ రేడియోలో ఉద్యోగం చేశారు. బాలమురళి గారి పక్కనా, ఇంకా ఎందరో విద్వాంసుల పక్కనా కూర్చుని వాయించారు. కొత్త రాగాలు కూర్చారు, కొత్త తాళాలు కట్టారు. 1996లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు, 2021లో, అంటే తొంభై అయిదేళ్ళ వయసులో, పద్మశ్రీ వచ్చాయి. ఒకే గురువు దగ్గర ఒకే పాఠం. ఒకరు వేదిక మధ్యకు వెళ్ళారు, ఒకరు పక్కనే నిలిచారు. రెండు బ్రతుకులూ నిండుగానే పండాయి. మధ్యన కూర్చుంటేనే గెలుపు అనుకోనక్కరలేదని చెప్పడానికే ఈయన మాట ఎత్తాను.

మళ్ళీ బాలమురళి గారి దగ్గరకు వద్దాం. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాలయ్యారు. తెలుగు, సంస్కృతం, కన్నడం, తమిళం భాషల్లో నాలుగు వందలకు పైగా రచనలు చేశారు. 1975లో "హంసగీతె" అనే కన్నడ చిత్రంలో పాడినందుకు ఉత్తమ గాయకుడిగా జాతీయ బహుమతి అందుకున్నారు. 1986 నాటి "మధ్వాచార్య" చిత్రానికి సంగీత దర్శకుడిగా మళ్ళీ జాతీయ బహుమతి. భీమ్‌సేన్ జోషి, హరిప్రసాద్ చౌరాసియా, కిశోరీ అమోన్‌కర్ వంటి హిందూస్తానీ ఉద్దండులతో కలిసి జుగల్‌బందీలు చేశారు. 1988లో దూరదర్శన్‌లో వచ్చిన దేశసమైక్యతా గీతంలో ఈ తెలుగాయన పాడింది తమిళ చరణం!

"ఇన్ని పనులా? ఇక శాస్త్రం ఏం మిగులుతుంది?" అని అడిగినవాళ్ళు లేకపోలేదు. అసలు తగాదా ఆయన కొత్త రాగాల దగ్గర వచ్చింది. రాగమంటే కనీసం అయిదు స్వరాలుండాలని పెద్దలు చెప్పుకునే లెక్క. ఈయన నాలుగు స్వరాలతో "మహతి" చేశారు. షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం, అంతే. మహతి అంటే నారదుడి వీణ పేరు. తరువాత "లవంగి", "సుముఖం" వచ్చాయి. అంతటితో ఆగక మూడే స్వరాలతో "సర్వశ్రీ" కట్టారు. వీణ విద్వాంసులు ఎస్. బాలచందర్ గారు బహిరంగంగానే ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ తోసిపుచ్చవలసినది కాదు. మూడు నాలుగు స్వరాల్లో రాగానికి ముఖం ఏర్పడుతుందా, లేక అది లెక్కగానే మిగులుతుందా అన్నది సంగీతంలో న్యాయమైన ప్రశ్నే. బాలమురళి గారు దానికి వాదంతో పాటు పాటతో కూడా జవాబు చెప్పారు. మహతిలో కృతి కట్టి సభలో పాడి చూపించారు. ఈనాటికీ కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. కొత్త దారి తొక్కినవాడికి అందరి మెప్పూ దొరకదని ఆయనకు తెలుసు. తెలిసే తొక్కారు.

ఆయన పంతం కూడా తక్కువది కాదు. 1980లలో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం సంగీత నాటక అకాడమీ మొదలైన అకాడమీలను రద్దు చేసినప్పుడు, ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నంతకాలం ఈ రాష్ట్రంలో పాడనని నిరసన తెలిపారు. సొంత గడ్డమీద, సొంత భాషవాళ్ళ ముందు పాడకుండా ఉండడం గాయకుడికి ఎంత శిక్షో ఆలోచించండి. అందులో మనకూ నష్టమే జరిగింది. కాని ఆయన తన ఒక్కడి సన్మానం కోసం ఆ పంతం పట్టలేదు, కళాకారులందరికీ నీడనిచ్చే చెట్టు కోసం పట్టారు. ఆ తరువాత కాలంలో మళ్ళీ పాడారు.

1971లో పద్మశ్రీ, 1975లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1978లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి, 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రెంచి ప్రభుత్వం వారి షెవాలియర్ గౌరవం అందుకున్నారు. 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు.

ఇప్పుడు మా ఊరి ఆవిడ ప్రశ్నకు వద్దాం. మా గద్వాలను పూర్వం "విద్వద్గద్వాల" అనేవారు. సంస్థానం రోజుల్లో కవులకూ పండితులకూ అంత ఆదరం. ఇప్పుడు మీకందరికీ తెలిసింది గద్వాల చీర. ఆ చీర గొప్ప ఎక్కడుంది? ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలుకు పట్టును తరువాత సూదితో అతికించరు. మగ్గం మీదే పోగుకు పోగు మెలివేసి కలుపుతారు. అందుకని లాగినా ఊడదు. ఇంటికొచ్చి పైన కుట్టిన అంచుకు ఆ బలం రాదు. బాలమురళి గారి విద్యలు మగ్గం మీద కలిసిన పోగులు. ముందు గురువు దగ్గర గట్టి పడుగు పడింది. పాటా, ఫిడేలూ, వయోలా, మృదంగం అన్నీ ఆ పడుగులోనే అల్లుకున్నాయి. రాగం ఒకటే, తాళం ఒకటే, శ్రుతి ఒకటే. గొంతులోంచి వస్తే పాట, కమానులోంచి వస్తే వయోలా. ఆయన రెండు పడవలెక్కలేదు. ఒకే పడవలో రెండు తెడ్లు వేశారు.

కాబట్టి ఆవిడతో ఇలా అన్నాను. "పాట, ఫిడేలు రెండూ ఒకే సంగీతం. పిల్ల స్వరస్థానం గట్టిపడేదాకా పాట ఆపవద్దు. ఫిడేలుకు మొదటి ఏడాది రోజూ ఒక అరగంట చాలు, కాని ఆ అరగంట తప్పకూడదు. తాను పాడిన వర్ణాన్నే కమానుతో వాయించమను. వేలు ఎక్కడ తప్పిందో గొంతు చెబుతుంది, గొంతు ఎక్కడ జారిందో తీగ చెబుతుంది. ఏడాది తరువాత ఏది ఎక్కువ ఇష్టమో పిల్లే చెబుతుంది. అప్పుడు వాళ్ళ నాయిన మాటా వినండి, పిల్ల మాటా వినండి." ఆడపిల్ల చేతిలో కమానా అని ఎవరైనా అంటే, ఫిడేలు వాయిద్యానికి తెలుగునాట అంత గౌరవం తెచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి కుమార్తె ద్వారం మంగతాయారు గారు ఫిడేలు విద్వాంసురాలేనని చెప్పండి.

అయితే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ వారం పాట, వచ్చే వారం నాట్యం, ఆ పై వారం చిత్రలేఖనం అని పిల్లల్ని ఒక మేష్టారి దగ్గరనుంచి ఇంకొక మేష్టారి దగ్గరకు ఆటోలో తిప్పడం బహుముఖ ప్రజ్ఞ కాదు. పడుగు పడకముందే పేక వేస్తే బట్ట అవదు. ముందు ఒకటి కుదరాలి. కుదిరినదాన్ని పట్టుకుని పక్కదానికి చెయ్యి చాచాలి.

మనమాటా అంతే అమ్మా. "నాకేం వచ్చు, ఇంటి పనేగా" అని మనలో చాలామంది అంటూ ఉంటాం. పాలవాడి లెక్కనుంచి పెళ్ళి పందిరి దాకా, జ్వరం చూడడం నుంచి జాకెట్టు కుట్టడం దాకా పది పనులు చేసే మనిషికి ఏదీ పూర్తిగా రాదని లోకం తేలిగ్గా తీసిపారేస్తుంది. ఆ పనులన్నిటి వెనకా శ్రద్ధ అనే శ్రుతి ఒకటి నడుస్తూ ఉంటే పదీ రాణిస్తాయి. అది తప్పితే ఒక్క పనీ రాణించదు.

ఈసారి ఏ కచేరీకయినా వెళ్ళినప్పుడో, రేడియోలో వింటున్నప్పుడో, పాడేవారినే గాక పక్కన కమాను పట్టిన మనిషిని కూడా ఒక పది నిమిషాలు వినండి. బాలమురళి గారి వయోలా రికార్డు ఎక్కడయినా దొరికితే, పిల్లలకు పేరు చెప్పకుండా వినిపించి, ఇది ఎవరని అడగండి. ఇక ఉంటాను. సెలవు.